తెలిసి అమ్మువాడు



మన ఇండ్లలో ఒక పిల్లవాడు గలగల మాట్లాడుతూ ఉంటే పెద్దలు, "వీడికి నోరున్నది, వ్యాపారంలో పెడితే బ్రతికిపోతాడు" అంటారు. నెమ్మదిగా ఉండే పిల్లవాణ్ణి చూచి, "వీణ్ణి కొట్లో కూర్చోబెడితే ఈగలు తోలుకోవలసిందే" అంటారు. అమ్మకమంటే మాటకారితనమని మన అందరి నమ్మకం. చదువు అబ్బనివారికి మిగిలే పని అదేనని కూడా కొందరి లెక్క.

ఈ నమ్మకం ఎంతవరకు నిజమో ఈ నెల కొంచెం నిదానంగా చూద్దాము. పట్నపు పెద్ద కంపెనీల సంగతి పక్కన పెడదాము. మనందరికీ తెలిసిన ఒక దుకాణాన్ని తీసుకుందాము. మండల కేంద్రంలో బస్టాండు దగ్గర ఉండే ఎరువుల, పురుగుమందుల కొట్టు. ఆ మెట్లు ఎక్కని రైతు కుటుంబం మనలో లేదు. మన పిల్లలలో ఎందరో అటువంటి కొట్లలో గుమాస్తాలుగా ఉన్నారు, కొందరు సొంతంగా నడుపుతున్నారు. గనుక ఇది కొనేవారికీ అమ్మేవారికీ కూడా సంబంధించిన మాట.

రైతు ఆ కొట్టుకు ఎలా వస్తాడో గమనించండి. చాలాసార్లు చేతిలో ఒక ఆకు ఉంటుంది. లేదా ఒక కొమ్మ విరిచి తువ్వాలులో చుట్టుకొని వస్తాడు. దానిని బల్ల మీద పెట్టి, "ఏదైనా మంచి మందు ఇవ్వు బాబూ" అంటాడు. బట్టల కొట్టులో మనకు రంగు తెలుసు, ధర తెలుసు, నచ్చకపోతే లేచి వస్తాము. ఇక్కడ అలా కాదు. తన పైరుకు వచ్చిన జబ్బు ఏమిటో రైతుకు తెలియదు, దానికి ఏమి కావాలో తెలియదు. ఆ నిర్ణయాన్ని అమ్మేవాని చేతిలో పెట్టేస్తున్నాడు. డబ్బు సీసాకే ఇస్తున్నా, నిజానికి అతడు కొంటున్నది అమ్మేవాని తెలివిడిని.

మిరప తోటను తీసుకోండి. "ముడత వచ్చింది" అని రైతు అంటాడు. తెలియనివాడు వెంటనే అలమర వైపు తిరుగుతాడు. తెలిసినవాడు ఒక ప్రశ్న అడుగుతాడు: "బాబాయ్, ఆకు పైకి ముడుచుకున్నదా, కిందికా?"

ఆ ఒక్క ప్రశ్నలో ఎంతో ఉన్నది. ఆకు అంచులు పైకి ముడుచుకొని పడవలాగా కనబడితే అది తామర పురుగుల పని. అంచులు కిందికి ముడుచుకొని తిరగబడిన పడవలాగా ఉండి, ఆకు కాడలు సాగి ఉంటే అది తెల్లనల్లి. తామర పురుగు కీటకం. నల్లి కీటకం కాదు, ఎనిమిది కాళ్ళతో సాలెపురుగుల జాతికి దగ్గరి జీవి. గనుక ఒకదానికి పనిచేసే మందు రెండవదానికి పనిచేయకపోవచ్చు. నల్లికి గంధకం లాంటిది వాడవలసిన చోట కీటకాల మందు కొడితే, నల్లిని తినే మేలు పురుగులు చచ్చి నల్లి ఇంకా పెరిగే ప్రమాదం ఉన్నది.

ఇవి రెండూ కాక మూడవ ముడత ఉన్నది. ఆకులు చిన్నవైపోయి, ముడుచుకొని, మొక్క గిడసబారిపోతుంది. దానిని బొబ్బర తెగులు అంటారు. అది వైరస్ తెగులు, తెల్లదోమ దానిని ఒక మొక్క నుండి మరొక మొక్కకు మోస్తుంది. ఆ తెగులు పట్టిన మొక్కను బాగుచేసే మందు ఏ అలమరలోనూ లేదు. ఆ మొక్కను పీకివేయాలి, మిగిలిన తోటలో దోమను అదుపులో పెట్టాలి. "దీనికి మందు లేదు బాబాయ్" అని చెప్పగలిగినవాడు ఆ రోజు ఒక సీసా తక్కువ అమ్ముతాడు. కాని ఆ మాట చెప్పాలంటే వానికి మూడు ముడతలకూ తేడా తెలిసి ఉండాలి. తెలియనివాడు నిజాయితీపరుడైనా ఆ మాట చెప్పలేడు.

ఇప్పుడు వరి పొలానికి రండి. నాటిన రెండు, నాలుగు వారాల మధ్య పైరు పసుపుబారితే రైతుకు మొదట తోచేది యూరియా. కొట్టువాడు కూడా ఒక బస్తా ఇచ్చి పంపితే ఇద్దరికీ సరిపోతుంది. నత్రజని లోపమైతే అది సరియైన సలహాయే. కాని ముదురు ఆకుల మీద ఇటుక రంగు, తుప్పు రంగు మచ్చలు ఉండి, పైరు ఎదగక గిడసబారి ఉంటే అది జింకు లోపం కావచ్చును. అక్కడ యూరియా వేసినా పైరు కోలుకోదు. పైగా నత్రజని ఎక్కువైతే అగ్గి తెగులుకూ దోమకూ మనమే కబురు పంపినట్టవుతుంది. జింకు లోపానికి లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున ఐదు రోజుల వ్యవధిలో రెండు మూడుసార్లు పిచికారీ చేయమంటారు. ఎకరాకు 200 లీటర్ల నీరు అనుకుంటే ఒకసారికి 400 గ్రాములు చాలు. "దీనిని భాస్వరపు ఎరువులతో కలపవద్దు" అని చెప్పడం కూడా అమ్మేవాని పనిలో భాగమే. ఆ మాటకు బిల్లులో ధర ఉండదు. అది చెప్పకపోతే ఆ సరుకు అమ్మీ ప్రయోజనం లేదు.

సరుకు సరియైనదే అయినా వాడకం తెలియక వృథా అయిన చోట్లు కూడా ఉన్నాయి. వరికి సుడిదోమ పడినప్పుడు పురుగు ఉండేది దుబ్బుల మొదళ్ళలో, నీటికి కొంచెం పైన. రైతు పై ఆకుల మీద మందు కొట్టి, "ఈ మందు కల్తీ" అంటాడు. మందు మంచిదే, అది పురుగు దగ్గరకు పోలేదు. పొలంలో నీరు తీసివేసి, దుబ్బుల మొదళ్ళు తడిసేటట్టు కొట్టమని, వచ్చే ఏడు నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడవమని చెప్పేవాడు దొరికితే అదే మందు పనిచేస్తుంది. ఆ దోమకు సింథటిక్ పైరిథ్రాయిడు మందులు ఇవ్వకూడదని తెలిసినవాడు ఇంకా మేలు. అవి కొడితే దోమ మళ్ళీ మరింత ఉధృతంగా లేస్తుంది.

తెలియక అమ్మిన సరుకు ఎంత నష్టం చేయగలదో మన ప్రాంతం చూచింది. 1980ల మొదట్లో పత్తి మీద పైరిథ్రాయిడు మందులు వచ్చినప్పుడు కాయతొలిచే పురుగులు టపటపా రాలిపోవడం చూచి అందరూ సంతోషించారు. మళ్ళీ మళ్ళీ కొట్టారు. 1980ల నడుమకు వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి పొలాలను తెల్లదోమ ముంచెత్తింది. దానిని అదుపులో ఉంచే మేలు పురుగులు ఆ మందులకు చచ్చిపోవడం అందుకొక ముఖ్య కారణం. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తిని పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు, అకాల వర్షాలు కలిసి దెబ్బతీశాయి. మందుల మీద మందులు కొట్టినా పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజులలో చాలా ఊళ్ళలో సలహా ఇచ్చినదీ, సరుకు ఇచ్చినదీ, అప్పు ఇచ్చినదీ ఒకే దుకాణం.

ఇది పాత కథ అనుకోవద్దు. 2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాలతో సహా మన మిరప తోటలలో నల్ల తామర పురుగు విరుచుకుపడింది. అది పూలలో చేరి పిందె పట్టకుండా చేసింది. రైతులు భయంతో వెంటవెంటనే రకరకాల మందులు కలిపి కొట్టారు. నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని, మందులు మార్చి కొట్టమని, విచక్షణ లేకుండా కొడితే పురుగు పెరుగుతుందని శాస్త్రజ్ఞులు చెప్పారు. ఆ మాటలు రైతు చెవిన పడవలసిన మొదటి చోటు కొట్టు బల్ల. ఎందుకంటే రైతు మొదట వెళ్ళేది అక్కడికే.

ఈ నష్టాలకు నకిలీ మందులూ కొంత కారణమే. కాని అసలు సరుకునే, సీలు ఉన్న సీసానే, తెలియక తప్పు పొలానికి ఇచ్చిన కేసులు కూడా తక్కువేమీ కావు. నకిలీని పట్టుకోవడానికి తనిఖీ అధికారి ఉన్నాడు. తెలియనితనాన్ని పట్టుకోవడానికి ఎవరున్నారు?

మనుషుల మందుల విషయంలో చట్టం దీనిని చాలా కాలం క్రితమే గుర్తించింది. 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. డాక్టరు వ్రాసిన మందు ఇవ్వాలంటే ఆ విద్య చదివి పేరు నమోదు చేసుకున్నవాడు ఉండాలన్నారు. పైరు మందులకు 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. సరుకు ఎలా తయారు చేయాలి, ఎలా నమోదు చేయాలి, ఎవరు లైసెన్సు ఇవ్వాలి అన్న సంగతులు అందులో ఉన్నాయి. బల్ల వెనుక కూర్చునేవాడు ఏమి చదివి ఉండాలన్న మాట మాత్రం చాలా కాలం పట్టింది. చివరకు నియమాలను సవరించి, లైసెన్సు కోరేవారికి గాని, వారు పెట్టుకునే మనిషికి గాని వ్యవసాయం, రసాయన శాస్త్రం, వృక్ష శాస్త్రం, జంతు శాస్త్రం వంటి విషయాలలో డిగ్రీ ఉండాలన్నారు. పాత కొట్లవారు శిక్షణ పొంది కొనసాగే వీలును తరువాత కల్పించారు.

అంతకు ముందే, 2003లో, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ కొట్లవారి కోసమే ఒక డిప్లొమా మొదలుపెట్టింది. దాని పేరు "దేశీ". వ్యాపారం మానుకోనక్కరలేకుండా వారానికి ఒక రోజు చొప్పున 48 వారాలు. అందులో 40 వారాలు తరగతులు, 8 వారాలు పొలాల సందర్శన. ఏళ్ళ తరబడి సీసాలు అమ్మినవారు తల నెరిసిన తరువాత పుస్తకం పట్టుకొని, నేల సంగతీ పురుగు సంగతీ మొదటి నుండి నేర్చుకున్నారు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

"ఇదంతా బాగానే ఉన్నది, కాని తెలిసినవాడికి లాభమేమిటి?" అని కొట్టు నడిపే సోదరుడు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కంపెనీవారు ఇంత సరుకు ఎత్తితే ఇంత కమీషను అంటారు. ఎక్కువ అమ్మినవారిని విహారయాత్రలకు తీసుకువెళతారు. పక్క కొట్టువాడు మూడు సీసాలు కలిపి ఇస్తుంటే, రైతు కూడా అదే గట్టి వైద్యమని నమ్ముతున్నాడు. ఒక సీసా చాలు అన్నవాణ్ణి, "నీ దగ్గర సరుకు లేదా?" అని అడుగుతున్నాడు. తెలిసి అమ్మేవాడు ఆ పూట నష్టపోవడం నిజమే.

కాని ఇంకొక లెక్క కూడా ఉన్నది. మన ఊళ్ళలో సగం వ్యాపారం ఖాతా మీదే నడుస్తుంది. జూన్‌లో ఇచ్చిన సరుకుకు డబ్బు పంట చేతికి వచ్చాకనే. పంట పోతే ఆ ఖాతా పుస్తకంలోని అంకెలు అంకెలుగానే ఉండిపోతాయి. మూడు సీసాలు అంటగట్టి పంట పోయిన రైతు కంటే, ఒక సీసాతో పంట పండిన రైతు దగ్గరే కొట్టువానికి డబ్బు వసూలవుతుంది. పైగా పండిన పొలం గట్టు మీద నిలబడి పక్కరైతు అడిగే ప్రశ్న ఒకటే: "ఏ మందు కొట్టావు మావా? ఎక్కడ తెచ్చావు?" ఆ జవాబు కంటే మంచి ప్రకటన ఏ గోడ మీదా వ్రాయలేము.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. తెలివిడి ఒక్కటే చాలదు. నాలుగు రసాయనాల పేర్లు నేర్చుకొని వాటితో రైతును బెదరగొట్టి అమ్మేవారూ ఉన్నారు. ఒకే రసాయనం రెండు కంపెనీల పేర్లతో, రెండు రంగుల సీసాలలో వస్తుంది. తెలిసినవాడు, "ఇవి రెండూ ఒకటే, ఒకటి చాలు" అని చెప్పగలడు. తెలిసి కూడా రెండూ కట్టి ఇవ్వగలడు. తెలియక తప్పు చేసేవానికి నేర్పవచ్చు. తెలిసి చేసేవాని వల్ల కలిగే హాని ఎక్కువ, ఎందుకంటే రైతు అతణ్ణి గుడ్డిగా నమ్ముతాడు. తనకు తెలిసినదానిని కొనేవాని మేలుకు వాడినప్పుడే దానికి విలువ.

కొట్లో పని చేసే మన యువకులకు కొన్ని మాటలు.

మొదటిది, సీసా మీది పెద్ద అక్షరాల పేరును కాక, కింద చిన్న అక్షరాలలో ఉండే రసాయనం పేరును, శాతాన్ని చదవడం అలవాటు చేసుకోండి. ఆ పేరే అసలు పేరు.

రెండవది, జవాబు కంటే ముందు ప్రశ్న అడగండి. ఎన్ని రోజుల పైరు? ముదురు ఆకా, లేత ఆకా? పొలమంతటా ఉన్నదా, అక్కడక్కడా? ఇంతకు ముందు ఏమి కొట్టారు? నాలుగు ప్రశ్నలకు రెండు నిమిషాలు పడుతుంది.

మూడవది, సెలవు రోజున ఒక రైతు వెంట పొలానికి వెళ్ళండి. మీరిచ్చిన మందు ఏమి చేసిందో కళ్ళారా చూచి ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. మూడేండ్లలో ఆ పుస్తకమే మీ డిగ్రీకి సమానమవుతుంది.

నాలుగవది, తెలియనప్పుడు "నాకు తెలియదు, కనుక్కొని చెబుతాను" అనండి. మండల వ్యవసాయ అధికారి ఉన్నారు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. 2004 నుండి కిసాన్ కాల్ సెంటర్ ఉన్నది, 1800-180-1551 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే చెబుతారు, ఖర్చు లేదు. అడిగి చెప్పినందువల్ల మీ మీద రైతుకు గౌరవం పెరుగుతుందే గాని తరగదు.

ఐదవది, సీసా మీద వజ్రాకారపు గుర్తులో ఉండే రంగును చూపించి చెప్పండి. ఎరుపు అత్యంత విషం, తరువాత పసుపు, తరువాత నీలం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. తక్కువ అంటే విషం కాదని అర్థం కాదు. చేతులకు తొడుగులు వేసుకోమని, గాలికి ఎదురుగా కొట్టవద్దని, మిగిలిన మందును ఇంట్లో పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచమని, ఖాళీ డబ్బాలో నీళ్ళు, నూనె పోసుకోవద్దని చెప్పి పంపండి. సరుకుతో పాటు ఆ మాటలు కూడా ఆ ఇంటికి చేరాలి.

కొనే కుటుంబాలకు కూడా ఒక మాట. ఆకు ఒక్కటే కాదు, వీలైతే మొక్కను వేరుతో సహా తీసుకువెళ్ళండి. "గట్టి మందు ఇవ్వు" అని అడగడం మానండి. "ఇది ఏ పురుగుకు? ఎకరాకు ఎంత? ఎన్నాళ్ళకు కోత కోయవచ్చు?" అని మూడు ప్రశ్నలు అడగండి. ఈ మూడింటికి తడుముకోకుండా జవాబు చెప్పిన కొట్టుకు, నాలుగు మైళ్ళు దూరమైనా వెళ్ళండి. బ్యాచి నంబరుతో బిల్లు తీసుకొని పంట ఇంటికి వచ్చేవరకు దాచండి. చదువుకున్న మీ ఆడపిల్లలను కూడా ఈ పనికి వెంట తీసుకువెళ్ళండి. సీసా మీది అక్షరాలను మీకంటే వారు బాగా చదవగలరు.

ఇక పిల్లల భవిష్యత్తును గూర్చి ఆలోచించే తలిదండ్రులు మొదటి మాటను మరొకసారి తూచి చూడండి. గలగల మాట్లాడేవాడు ఒకసారి అమ్మగలడు. మళ్ళీ రావలసిన వ్యాపారంలో, ఎదుటివాని అన్నం ఆధారపడిన వ్యాపారంలో, ఎక్కువ విని తక్కువ మాట్లాడే పిల్లవాడే నిలుస్తాడు. ఆకును వెలుతురుకు పట్టి చూచే ఓర్పు, అడిగి తెలుసుకునే అలవాటు, లేదన్నచోట లేదనే ధైర్యం మీ పిల్లలలో కనిపిస్తే, మాటకారి కాడని బెంగపడకండి. వాణ్ణి చదివించండి. ఆ తరువాత నిశ్చింతగా కొట్లో కూర్చోబెట్టండి.

వచ్చే నెల మరొక విషయంతో కలుసుకుందాము. అంతవరకు సెలవు.